కంచె మీద తిప్పతీగ... ఏడాదికి నాలుగు వేషాలు!

హృదయం ఆకారంలో ఆకు కనిపిస్తే చాలు 'అదిగో తిప్పతీగ' అనేసేవాళ్లు చాలామందే ఉంటారు. కానీ ఆ ఆకు ఏడాదంతా ఉండదు. ఉన్న రోజుల్లోనూ అలాంటి ఆకుల తీగలే మరో నాలుగైదు పక్కనే పాకుతుంటాయి. మరి అసలుదాన్ని పట్టుకునేదెలా? అనంతగిరి కొండల కింద ఓ కంచె వెంట ఏడాది పొడవునా తిరిగితే తెలిసిన సంగతులివి.

కరోనా వచ్చిన కొత్తలో, అంటే 2020లో, మన ఊళ్లలో ఓ తీగకు ఉన్నట్టుండి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. అంతకుముందు దాకా ఎవరూ పట్టించుకోని ఆ తీగ కోసం పొద్దున్నే సంచి పట్టుకుని బయల్దేరినవాళ్లున్నారు. ఖాళీ స్థలాల ప్రహరీలు, రైలు పట్టాల పక్క పొదలు, పార్కుల కంచెలు... దేన్నీ వదల్లేదు. కాడలు తెచ్చి, దంచి, మరిగించి ఇంటిల్లిపాదీ కషాయం తాగారు. ఆకుల్ని పచ్చిగా నమిలినవాళ్లూ ఉన్నారు. అదే తిప్పతీగ. హిందీవాళ్ల గిలోయ్. ఆయుర్వేదం గుడూచి అనీ, అమృత అనీ పిలిచేది దీన్నే.

అంతా బాగానే ఉంది. ఇంతకీ ఆ సంచిలో పడింది తిప్పతీగేనా?

ఈ ప్రశ్న ఊరికే వేస్తున్నది కాదు. 2020 సెప్టెంబరు, డిసెంబరు నెలల మధ్య ముంబయిలో ఆరుగురు కాలేయం దెబ్బతిని డాక్టర్ల దగ్గరికి వచ్చారు. ఆరుగురూ తిప్పతీగ వాడినవాళ్లే. ఆ వివరాలను వైద్యులు 2021లో ఓ వైద్య పత్రికలో ప్రచురించారు. దానిమీద కేంద్ర ఆయుష్‌ మంత్రిత్వశాఖ స్పందించింది. మొక్కను సరిగ్గా గుర్తించారో లేదో తేల్చకుండా తిప్పతీగను తప్పుపట్టడం సరికాదంది. దానిలాగే కనిపించే మరో తీగ ఉంది, చూసుకుని వాడండి అని ప్రజలకూ చెప్పింది. 2022లో దేశంలోని 13 ఆస్పత్రుల నుంచి 43 మంది రోగుల వివరాలతో మరో అధ్యయనం వచ్చింది. అందులోనూ వేలు తిప్పతీగ వైపే చూపింది.

ఎవరి వాదన ఎలా ఉన్నా ఒక్క విషయంలో రెండో మాట లేదు. కంచె మీద నుంచి తుంచుకొచ్చి నోట్లో వేసుకునే ముందు ఆ తీగ ఏదో తెలిసుండాలి. తెలుసుకోవడానికి ఒక్క పూట చాలదు. ఏడాది పడుతుంది!

వెలుగు వెంట నడక

హైదరాబాద్‌ నుంచి పడమరగా చేవెళ్ల, మన్నెగూడ మీదుగా సుమారు 75 కిలోమీటర్లు వెళ్తే వికారాబాద్‌. 2016 నుంచి జిల్లా కేంద్రం. ఊరు దాటగానే అనంతగిరి కొండలు. మూసీ నది పుట్టేది ఈ కొండల్లోనే. సెలవురోజు వచ్చిందంటే నగరం నుంచి వచ్చే కార్లన్నీ ఘాట్‌రోడ్డు ఎక్కి అనంత పద్మనాభస్వామి గుడి వైపు వెళ్లిపోతాయి. మనకు కొండతో పనిలేదు. కొండ దిగువన, ఎర్రనేలల్లో, రెండు చేల మధ్య పోయే బండ్లబాట చాలు.

బాటకు ఒకవైపు కంది చేను. మరోవైపు పత్తి. కంది చేను అంచు వెంబడి అర కిలోమీటరు పొడవున కంచె. ఇక్కడివాళ్లు దాన్ని 'వెలుగు' అంటారు. ఎవరూ కూర్చుని ఒక పద్ధతి ప్రకారం నాటింది కాదది. ఎప్పుడో తుమ్మకంప తెచ్చి పాతారు. దాని సందుల్లోంచి వావిలి లేచింది. పిట్టలు వాలి రెట్టలు వేసిన చోట రేగు, వేప, పరికి మొలిచాయి. తిని పారేసిన గింజల్లోంచి సీతాఫలం వచ్చింది. తంగేడు తనంతట తానే చేరింది. ఎక్కడినుంచో వచ్చిన లాంటానా ఇప్పుడు సగం జాగా ఆక్రమించేసింది. వీటన్నిటి నెత్తినా తీగలు. ఒకదాన్ని ఒకటి మెలేసుకుని, ఏది ఎక్కడ మొదలైందో ఏది ఎక్కడ ముగిసిందో తెలియని గజిబిజి.

ఈ బాట వెంటే రోజూ మేకల్ని తోలుకొచ్చే ఓ అవ్వ ఉంది. వయసెంతని అడిగితే నవ్వేస్తుంది. 'గీ వెలుగు నాకంటె చిన్నది' అంటుంది. జులైలో తొలిసారి కలిసినప్పుడు తిప్పతీగ చూపించమంటే ఆమె చెప్పిన జవాబు మాత్రం వింతగా ఉంది. 'ఇప్పుడొచ్చి ఏం జూస్తవు బిడ్డా? ఇప్పుడన్నీ ఒక్కతీర్గనే ఉంటయ్‌. ఎండకాలం రా. అప్పుడు గుర్తువడితేనే గుర్తువట్టినట్టు' అంది. ఆకులు పచ్చగా కళకళలాడుతున్న రోజుల్లో కాకుండా, ఎండిపోయాక రమ్మంటుందేమిటీ? అందులోని మర్మం తర్వాత నెలనెలా తెలిసొచ్చింది.

వానల్లో... అందరిదీ అదే ఆకు

రెండు మంచి వానలు పడేసరికి కంచె రూపే మారిపోతుంది. అడుగున కంప కనపడదు. పైనంతా పచ్చటి దుప్పటి. అందులో హృదయాకారపు ఆకులే ఎక్కువ. తమలపాకు లాంటివి కొన్ని, అంతకన్నా చిన్నవి కొన్ని.

తిప్పతీగ ఆకు నున్నగా, పలుచగా, పైన మంచి ఆకుపచ్చగా ఉంటుంది. కాడ పొడవు. ఆకు మొదలు నుంచి అయిదు నుంచి ఏడు ఈనెలు వేళ్లు చాచినట్టు విచ్చుకుంటాయి. ఆకులు తీగకు ఒకదాని తర్వాత ఒకటిగా, ఒకటి అటు, ఒకటి ఇటు వస్తాయి. జంటలుగా రావు. ఆకుకాడ తీగను అంటుకునే చోట కాస్త ఉబ్బి, మెలిపెట్టినట్టు వంగి ఉంటుంది. పట్టుకుని ఎక్కడానికి కాకర, దొండలకు ఉండే నులితీగలు దీనికి ఉండవు. తీగే స్వయంగా చుట్టుకుంటూ పైకి పోతుంది.

ఇక దాని పక్కన ఉన్నవాళ్లను చూడండి.

దుష్టపుతీగ ఉంది. దీని ఆకూ హృదయాకారమే. కాకపోతే ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. ముట్టుకుంటే నూగు తగులుతుంది. తుంచితే తెల్లటి పాలు కారతాయి. నలిపితే అదోరకం కంపు. తిప్పతీగలో పాలు ఉండవు. ఈ ఒక్క గుర్తు తెలిసినా దుష్టపుతీగ తప్పుకున్నట్టే.

అడవి పెండలం జాతి తీగలున్నాయి. వీటి ఆకు చూస్తే తిప్పతీగకు అక్కాచెల్లెళ్లే అనిపిస్తుంది. ఈనెల్ని చూడాలి. మొదట్లో బయల్దేరిన పెద్ద ఈనెలు విల్లులా వంగి, ఆకు చివర్లో మళ్లీ ఒక దగ్గరికి చేరతాయి. వీటిలో ఒక రకానికి వానలు ముదిరేసరికి ఆకు మొదట్లో గోధుమరంగు గడ్డలు వేలాడతాయి. గంటల్లాంటి నీలిపూలు పూసే తీగలు మరికొన్ని. వాటి ఆకులూ హృదయాకారమే. పూలు వచ్చాక ఎవరికీ అనుమానం ఉండదు. రాకముందే తంటా.

దూసరితీగ కథ వేరు. దీనిదీ తిప్పతీగ కుటుంబమే. పొలం గట్ల మీద, కంచెల్లో అది లేని ఊరుండదు. ఆకు చిన్నది, మెత్తటి నూగుతో మఖమల్‌ ముక్కలా ఉంటుంది. ఆ ఆకుల్ని నీళ్లలో నలిపి వడకట్టి పక్కన పెడితే కాసేపటికి నీళ్లు జెల్లీలా గడ్డకడతాయి. పల్లెల్లో పిల్లలకు ఇదో ఆట.

కంచె నీడ వదిలి గట్టు కిందికి వస్తే గాడిదగడపాకు కనిపించొచ్చు. ఇది ఎక్కే తీగ కాదు, నేల మీదే పాకుతుంది. ఆకు గుండ్రంగా హృదయాన్ని తలపిస్తుంది. సంచి నింపే తొందరలో దీన్నీ తుంచితే మాత్రం ప్రమాదమే. ఇందులోని అరిస్టలోకిక్‌ ఆమ్లం మూత్రపిండాల్ని దెబ్బతీస్తుంది, క్యాన్సర్‌కూ కారణమవుతుంది.

'ఆకు జూసి నమ్మకు. ఆకు అందరికుంటది. కాడ జూడు' అంది అవ్వ, మేకపిల్ల నోట్లోంచి కొమ్మ లాగేస్తూ. ఆయుర్వేదం మందుగా ప్రధానంగా వాడేది కూడా కాండాన్నే. కాడను దంచి నీళ్లలో నానబెడితే అడుగున తెల్లటి పిండి పేరుకుంటుంది. దాన్ని ఆరబెట్టిందే తిప్పసత్తు. అయినా మనవాళ్ల చూపంతా ఎప్పుడూ ఆకు మీదే!

బతుకమ్మ వేళ... ఎర్రెర్రని పండ్లు

సెప్టెంబరు చివరికి ఇదే కంచె పసుపు రంగు పూసుకుంది. తంగేడు విరగబూసింది. ఆడవాళ్లు బుట్టలతో వచ్చి పూలు కోసుకెళ్తున్నారు. సీతాఫలాలు కళ్లు తెరుస్తున్నాయి. మేకలకూ, పిల్లలకూ, పిట్టలకూ పండగ కాలమే.

కంచె మీద ఎర్రటి పండ్లు కళ్లకు కొట్టేదీ ఇప్పటి నుంచే. తిప్పతీగ పండు బఠాణీ గింజంత ఉంటుంది. పచ్చగా మొదలై, పండితే నిగనిగలాడే ఎరుపు. ఒక్కో పువ్వు నుంచి ఒకటి నుంచి మూడు దాకా పండ్లు వస్తాయి కాబట్టి చిన్న చిన్న గుత్తులుగా కనిపిస్తాయి. లోపల ఒక్కటే గింజ. ఈ తీగల కుటుంబానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు మెనిస్పర్మేసి. గ్రీకు భాషలో దానర్థం చంద్రుడి గింజ. ఈ కుటుంబంలోని గింజలు నెలవంకలా వంగి ఉంటాయి మరి. కాయలు పండే కాలం అన్నిచోట్లా ఒకటి కాదు. వానాకాలం నుంచి చలికాలం దాకా ఎప్పుడైనా కనిపించొచ్చు.

ఎర్రగా ఉన్నదల్లా తిప్పతీగ పండు కాదు. ఈ అర కిలోమీటరులోనే మరో మూడు ఎరుపులున్నాయి. అడవి దొండపండు ఒకటి. అది కోలగా, పెద్దగా ఉంటుంది. పోల్చుకోవడం తేలిక. రెండోది లింగదొండ. గుండ్రటి ఎర్రటి పండు మీద తెల్లటి చారలు, చూడముచ్చటగా ఉంటుంది. చేతివేళ్లలా చీలిన ఆకు, నులితీగలు చూస్తే అది దొండ, కాకరల చుట్టమని తెలిసిపోతుంది. ఈ పండు తినకూడదు. మూడోది అందరికీ తెలిసిన గురివింద. ఆకు చింతాకులా ఉంటుంది. కాయ పగిలాక గింజలు ఎర్రగా, నెత్తిన నల్లబొట్టుతో కనిపిస్తాయి. ఒకప్పుడు కంసాలులు బంగారం తూచింది ఈ గింజలతోనే. అందులో అబ్రిన్‌ అనే భయంకరమైన విషం ఉంది. గింజను నమిలి మింగితే ప్రాణాలకే ముప్పు. చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుని కంచెల పక్కకు వెళ్లే తల్లిదండ్రులు తిప్పతీగకన్నా ముందు గుర్తుపట్టడం నేర్చుకోవాల్సింది దీన్నే.

ఇక్కడో చిత్రం. కంచె మొదట్లో ఉన్న పొదల మీది తిప్పతీగకు గుత్తులు గుత్తులుగా కాయలున్నాయి. చివర్న వేపచెట్టు ఎక్కిన తీగ అంతకన్నా ఏపుగా ఉంది కానీ, ఒక్క కాయ లేదు. 'గా ఏపచెట్టు మీద దానికి ఎన్నడు కాయ గాయలే. గొడ్డుది' అంది అవ్వ. నిజానికి అది గొడ్డుది కాదు, మగది! తిప్పతీగలో ఆడ, మగ వేర్వేరు. మగపూలు పూసే తీగకు జన్మలో కాయలు రావు. పైగా ఈ తీగ విత్తనం కన్నా ముక్కల నుంచే ఎక్కువగా వ్యాపిస్తుంది. ఒక మగతీగ ముక్కలే ఊరంతా పాకితే ఆ ఊళ్లో ఎర్రపండు చూడటం కష్టమే. పండు లేదు కాబట్టి తిప్పతీగ కాదనుకుంటే అలా పొరబడే వీలుంది.

బత్తాయి రైతులకు పడదు!

అమృతమని మనం నెత్తిన పెట్టుకుంటున్న ఈ తీగ కంచెలో కనిపిస్తే కొందరు రైతులు మాత్రం కొడవలి తీస్తారు. వాళ్లెవరో కాదు, బత్తాయి తోటలవాళ్లు. ఈ చుట్టుపక్కల కన్నా నల్గొండ వైపు వెళ్తే ఈ మాట బాగా వినిపిస్తుంది.

కారణం ఓ రెక్కల పురుగు. ముందురెక్కలు ఎండుటాకులా ఉంటాయి. వాటిని విప్పితే లోపలి రెక్కలు నారింజరంగులో నల్లటి మచ్చలతో మెరుస్తాయి. ఇది రాత్రిపూట తోటలోకి వస్తుంది. మామూలు సీతాకోకచిలుకలా పూలలో తేనె తాగి ఊరుకోదు. దీని తొండం గట్టిది. పండబోతున్న బత్తాయి తొక్కకు రంధ్రం చేసి రసం పీల్చేస్తుంది. ఆ రంధ్రం దగ్గర కుళ్లు మొదలై పండు రాలిపోతుంది. తెల్లారి చెట్టు కింద చూస్తే రాలినవి కనిపిస్తాయి, పురుగు జాడ మాత్రం ఉండదు.

మరి తిప్పతీగతో దానికేం సంబంధం? ఆ పురుగు పిల్లగా ఉన్నప్పుడు, అంటే గొంగళిపురుగు దశలో, బత్తాయి ఆకు ముట్టదు. దానికి కావాల్సింది తిప్పతీగ, దూసరితీగల ఆకే! అందుకే తోట చుట్టూ కంచెల్లో ఈ తీగల్ని ఏరేయమని ఉద్యాన నిపుణులు చెబుతుంటారు. సెప్టెంబరులో ఈ కంచె మీద తిప్పతీగ ఆకుల్ని తిరగేసి చూస్తే అలాంటి గొంగళి ఒకటి దొరికింది. ముదురు రంగు ఒళ్లు, పక్కల రెండేసి పెద్ద కళ్లలాంటి మచ్చలు. అలికిడికి తల లోపలికి ముడిచి, ఒళ్లు వంచి, ఆ దొంగకళ్లతోనే భయపెట్టే ప్రయత్నం చేసింది. ఆకును అనుమానించే మనకు ఇదో సాక్ష్యం కూడా. ఆ పురుగు తింటున్న హృదయాకారపు ఆకు దుష్టపుతీగదో, పెండలానిదో కాదని కొంత ధీమాగా చెప్పొచ్చు. పురుగులకు వృక్షశాస్త్రం బాగా వచ్చు!

ఒకే తీగ. ఒక ఊళ్లో పెరట్లో పెంచుకుంటారు. ఇంకో ఊళ్లో పీకి పారేస్తారు. రెండు చోట్లా గుర్తుపట్టడం తప్పనిసరే.

సంక్రాంతి దాటాక...

జనవరి చివర్లో వెళ్లేసరికి కంది కోత అయిపోయింది. చేను బోసిగా ఉంది. కంచె కూడా పలచబడింది. నీలిపూల తీగలు ఎండి దారాలైపోయాయి. పెండలం తీగ పైకి చచ్చిపోయి, దుంప నేలలో నిద్రపోతోంది. తిప్పతీగ ఆకులు పసుపెక్కి ఒక్కొక్కటే రాలుతున్నాయి. ఉన్న నాలుగూ చిన్నబోయి, అంచులు మాడి, హృదయాకారం కూడా సరిగ్గా లేదు. ఈ రోజుల్లో ఆకు పట్టుకుని పోల్చుకుందామనుకునేవాళ్లకు దారి మూసుకుపోయినట్టే.

కాడ మాత్రం ఇప్పుడే బయటపడుతుంది. చిటికెనవేలి లావు నుంచి బొటనవేలి లావు దాకా, తాడులా మెలికలు తిరిగి ఉంటుంది. పైపొర బూడిద, గోధుమ రంగుల్లో కాగితంలా పలుచన. అక్కడక్కడా పొలుసుల్లా లేచి ఉంటుంది. దానిమీద తెల్లటి చుక్కల్లాంటి చిన్న చిన్న బొడిపెలు. గోటితో ఆ పొరను గీకితే కింద పచ్చగా కనిపిస్తుంది. బయటికి ఎండుతాడు, లోపల ఆకంత పచ్చదనం! ఆకులన్నీ రాల్చేసుకుని కూడా ఈ తీగ బతికి ఉందనడానికి అదే గుర్తు.

ఆయుష్‌ వాళ్లు చెప్పిన ఆ 'మరో తీగ' సంగతి ఇప్పుడు చూద్దాం. దాని శాస్త్రీయ నామం టైనోస్పోరా క్రిస్పా. మన తిప్పతీగ టైనోస్పోరా కార్డిఫోలియా. ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు. క్రిస్పా ఆగ్నేయాసియాలో, మన ఈశాన్య రాష్ట్రాల వైపు ఉండే రకం. ఆకు చూసి రెంటినీ విడదీయడం మామూలు మనుషుల వల్ల కాదు. కాడ చూస్తే పిల్లలైనా చెప్పేస్తారు. క్రిస్పా కాడ నిండా పెద్ద పెద్ద బుడిపెలు, కాకరకాయ తొక్కలా గరుకుగా ఉంటుంది. తుంచితే పాలలాంటి ద్రవం వస్తుంది. తిప్పతీగ మీద ఉండేవి చుక్కలే తప్ప కాకరకాయ బుడిపెలు కావు. పాలూ రావు. తిప్పతీగ పండు గుండ్రం, క్రిస్పాది కోల. తిప్పతీగ పువ్వుకు ఆరు రేకులు, దానికి మూడు. ఇవి కాక, ఆకు అడుగున నూగుండే తిప్పతీగ రకం కూడా మన అడవుల్లో ఉంది. ఆకు తిరగేసి వేలితో రాస్తే తెలిసిపోతుంది.

ఇన్ని గుర్తులు చూసి, అసలైన తిప్పతీగేనని తేలితే ఇక నిశ్చింతగా తాగేయొచ్చా? అంత తొందరొద్దు. సరైన తీగను గుర్తుపట్టడం ఒకటి, అది మన ఒంటికి పడటం మరొకటి. ఈ తీగ రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొడుతుందనే కదా అందరూ ఎగబడింది! ఆ వ్యవస్థ తన ఒంటి మీదే దాడిచేసే జబ్బులున్నవాళ్లకు, కాలేయ సమస్యలున్నవాళ్లకు అదే చేటు చేయొచ్చన్నది కాలేయ వైద్యుల హెచ్చరిక. నెలల తరబడి సొంతంగా కషాయాలు కాచుకునేవాళ్లు ముందు డాక్టరుకు ఓ మాట చెప్పడం మేలు.

ఎండల్లో... ఆకులేని పూత

ఏప్రిల్‌. బాట మీద చెప్పు లేకుండా కాలు పెట్టలేని ఎండ. కంచె మళ్లీ కంపగా మారింది. 'ఎండకాలం రా' అని అవ్వ ఎందుకందో ఇప్పుడు తెలిసింది. కంచె మీద ఇప్పుడు పోటీదారులు లేరు! నీలిపూలు లేవు, పెండలం లేదు. వేపచెట్టు కొత్త చిగురుతో మెరుస్తుంటే దాని కొమ్మల నుంచి బోసితాళ్లు వేలాడుతున్నాయి. ఆ తాళ్ల మీద... పూత!

ఆకు ఒక్కటి లేకుండా పూయడం తిప్పతీగ అలవాటు. సన్నటి కంకుల మీద ఆవగింజను తలపించే పూలు. పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు. పరిచయం లేనివాళ్లు వాటిని పూలనే అనుకోరు, చిగుళ్లనుకుంటారు. మగతీగ మీద పూలు కంకి పొడవునా గుంపులు గుంపులుగా ఉంటాయి. ఆడతీగ మీద ఒక్కొక్కటిగా, దూరం దూరంగా. కంచె మొదట్లోదీ చివర్లోదీ పక్కపక్కన పెట్టి చూస్తే 'గొడ్డుతీగ' గుట్టు రట్టవుతుంది. అవ్వకు ఆ రెండు కంకులూ చూపిస్తే కాసేపు తేరిపార చూసి, 'మొగది ఉత్తగ పూస్తది, పనంత ఆడదానిదే' అని తేల్చేసింది.

ఇక అసలు పరీక్ష. ముదురు కాడను అడ్డంగా కోసి కోత వైపు చూడాలి. మధ్య నుంచి అంచుకు బండిచక్రం ఆకుల్లా గీతలు. చెక్క భాగమంతా ముక్కోణపు ముక్కలుగా విడిపోయి, వాటి మధ్య సన్నటి దారులు. అచ్చం చక్రమే. సంస్కృతంలో తిప్పతీగకున్న పేర్లలో చక్రలక్షణిక ఒకటి. అంటే చక్రం గుర్తున్నదని. పాతకాలపు వైద్యులు పేరులోనే గుర్తు దాచిపెట్టారు! కుండలి అన్నారు, చుట్టలు చుట్టుకుంటుంది కాబట్టి. కోసినా మొలుస్తుంది కాబట్టి ఛిన్నరుహ అన్నారు. ఆ పేర్ల వెనక ఎవరో తీగను కోసి, చూసి, ఆగి, మళ్లీ వచ్చి చూసిన ఓపిక కనిపిస్తుంది. చక్రం ఒక్కటే చూసి సంబరపడక్కర్లేదు. ఈ కుటుంబంలోని మరికొన్ని తీగల్లోనూ అలాంటి గీతలుంటాయి. కాగితం పొర, కింది పచ్చదనం, పాలు లేకపోవడం, చక్రం, చేదు... అన్నీ కుదరాలి.

వేప మీద పాకిన తిప్పతీగకు గుణం ఎక్కువని ఊళ్లలో ఓ నమ్మకం. ఈ కంచెలోనూ కోతలన్నీ వేపచెట్టు కిందే ఎక్కువ. ఫిబ్రవరిలో పొదలు నరికి కంచె సరిచేసినప్పుడు కూలీలు ఆ వేపచెట్టు మొదట్లో తీగను అడ్డంగా తెగ్గొట్టారు. నేలకూ తీగకూ సంబంధం తెగి రెండు నెలలైంది. అయినా పైన పూత పూసింది. కాడలో దాచుకున్న తేమతో, పిండితో గడిపేస్తోంది.

మే నెలాఖరున మళ్లీ వెళ్తే వేపకొమ్మ నుంచి దారం లాంటిదొకటి వేలాడుతోంది. లేత ఆకుపచ్చ రంగు, ట్వైన్‌ దారం కన్నా కాస్త లావు. తెగిన తీగ గాల్లోంచే నేలకు దించుతున్న వేరది. గాలికి అటూ ఇటూ ఊగుతోంది. అవ్వ మేకల్ని అటు పోనివ్వకుండా కర్ర అడ్డం పెట్టింది.

'మొన్నటిదాంక నా నెత్తికి తగుల్తుండె. ఇప్పుడు మోకాళ్ల కాడికొచ్చింది' అంది. కొలిచి చూస్తే వేరు కొసకూ నేలకూ మధ్య ఇంకా రెండు జానల దూరం ఉంది. కొండ మీద అప్పుడప్పుడే మబ్బులు ముసురుతున్నాయి.